బార

పోర్టులో నా ఉద్యోగం పేరు టాలీ గుమస్తా.
ముప్పై ఒక్క ఏళ్లు
ఓడ కడుపులోంచి ఊగుతూ దిగే బస్తాలకి
గీతలు గీశాను.
నాలుగు నిలువు, వాటి మీదుగా ఒకటి అడ్డం.
టాలీ అంటే పుల్లముక్క అని
రిటైరయ్యాక గానీ తెలియలేదు.

పూర్ణా మార్కెట్ వెనక పాత కాగితాల కొట్లో
అట్ట ఊడిన ఇంగ్లీషు నిఘంటువు దొరికింది.
తూచి ఇచ్చాడు. కిలో మూడొందల గ్రాములు.
ప్రతి మాట పక్కనా దాని పుట్టిల్లు రాసి ఉంది.

పుల్లకి గాట్లు పెట్టేవాళ్లట వాళ్ల తాతలు.
ఇరవై గొర్రెలకి ఒక గాటు.
ఆ గాటు పేరే స్కోరు.
కిళ్లీ బడ్డీ ముందు స్కోరెంతని అరిచే కుర్రాళ్లు
గాట్లెన్నని అడుగుతున్నారన్నమాట!

మా మామ్మ దేముడమ్మకి ఈ పుస్తకంతో పని పడలేదు.
పెద జాలారిపేటలో మా ఇంటి తలుపుకి
కత్తిపీట మొనతో ఆమె పెట్టిన గాట్లు
ఇప్పటికీ వేలికి తగులుతాయి.
ఇరవై కానాగంతలకి ఒకటి.
షావుకారు కాగితం ఎనిమిదంటే
అతన్ని తలుపు దాకా నడిపించుకొచ్చి
"తొమ్మిది. సెక్క అబద్దమాడదు బాబూ" అనేది.

టన్ను అంటే మొదట్లో పీపా.
ద్రాక్షసారా పోసే పెద్ద పీపా.
నా కళ్లముందు ఎన్ని లక్షల టన్నులు ఓడెక్కాయో,
నా నోట్లో పడింది మాత్రం
ఇనుప రాయి ఎర్రదుమ్ము.

డజనులో రెండూ పదీ దాక్కున్నాయి,
మన పన్నెండులో నలిగిపోయినట్టే.
లక్ష కూడా కనపడింది ఆ పుస్తకంలో, మన లక్షే,
పరాయి ఊరి బస్టాండులో మన వీధి మనిషిలాగా.
కొంచెం అవతల కోటి.
ముక్కు వంకర పోయింది గానీ గుర్తుపట్టాను.

ఒక రాత్రి ఫాదం దగ్గర ఆగిపోయాను.
ఆ మాట నాకు కొత్తది కాదు.
పైలట్ల గదిలో గోడకి వేలాడే పాత పటంలో
డాల్ఫిన్ నోస్ అవతల సముద్రం నిండా
చీమల్లా అంకెలు, అన్నీ ఫాదాలే.
ఆరడుగులని తెలుసు. అంతవరకే తెలుసు.
పుస్తకం అంది: చాచిన రెండు చేతుల మధ్య దూరం.
దాని కింద, ఇంకా చిన్న అక్షరాల్లో,
అంతకు ముందటి అర్థం:
కౌగిలి.

బారే కదా.
వాకిట్లో కొత్త తాడు కొలిచేది మామ్మ.
ఎడం చేతి కొస నుంచి కుడి చేతి కొస దాకా,
తాడు రొమ్ముకి రాసుకుంటూ.
ఒకటి అనేది కాదు, లాభం అనేది.
లాభం, రెండు, మూడు.
పొట్టి మనిషి.
నీ బార చిన్నది, తాడు ఎక్కువ లెక్క తేలుతోందని
షావుకారు కొట్టు గుమస్తా గొణిగేవాడు.
"మరైతే నువ్వే కొలుసుకో, నీ సేతులకి సేపల కంపు" అనేది.

ఆ చేతుల మధ్యకి నేను దూరేవాణ్ణి.
ఏడో, పన్నెండో, ఎక్కడో అంకె జారిపోయేది.
"ఓరి గుంటడా, నెక్క తప్పిపోనాది!"
తిట్టేది. నెట్టేది కాదు.
నేను మధ్యలో ఉండగానే
మళ్లీ లాభం దగ్గర మొదలెట్టేది.

కౌగిలి అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడలేదు.
అది సినిమా వాళ్లదనుకునేవాళ్లం.

నిన్న పొద్దున గాట్ల తలుపు ముందు నిలబడి
చేతులు చాచాను.
నా బార ఆమెకన్నా జానెడు ఎక్కువ.
ఆ జానెడూ ఏం చేసుకోవాలో తోచక
చేతులు అలాగే ఉంచాను కాసేపు.
బయట ఎవరో కానాగంతలు కేకేస్తూ పోయారు.

లాభం, అన్నాను.
రెండు అనలేదు.